ఊపిరితో పురుగులు పట్టిన మనిషి

పురుగుకి కూడా హాని తలపెట్టని మనిషట. మొన్న సైనిక్‌పురిలో, ఆమె తమ్ముడి ఇంట్లో, మాసికం భోజనాల దగ్గర ఆ మాట పప్పు గిన్నెతో పాటు పంక్తంతా తిరిగింది. తమ్ముడైతే దండ వేసిన ఫోటో వైపు చెయ్యి చూపించి, "మా అక్కది గంత మెత్తటి మనసు. పురుగు రెక్క విరుగుతదని మెషిన్ ముట్టలే. ఆఖరికి పానమే ఇచ్చింది" అన్నాడు. కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది.

నేను ఊపలేదు. "ఆమె రోజూ వేల ప్రాణాలు తీసేది. గుడ్డులో ఉండగానే తీసేది. మీకు తెలియదా?" అన్నాను.

"ఏందమ్మా, పోయినోళ్ళ మీద గిట్ల మాట్లాడుతరా?" అంది కళ్ళు ఒత్తుకున్నావిడ.

"పోయినవాళ్ళ మీద అబద్ధాలు మాట్లాడొచ్చా మరి?"

మా ఆయన విస్తరి కింద నా కాలు తొక్కాడు. ఇంటికొచ్చేదాకా దారంతా సణిగాడు కూడా. సణగనీ. ఆమెని అంత తేలిగ్గా మెత్తటి మనిషిని చేసి గోడకి తగిలించేస్తే నేను ఊరుకోలేను. ఆమె ఊపిరి ఎలా పోయిందో దగ్గరుండి చూసినదాన్ని నేను. ఎందుకు పోయిందో మాత్రం వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. తేడా ఏమిటంటే, తెలియదని నాకు తెలుసు.

పద్మారావు నగర్‌లో మాది పాత అపార్ట్‌మెంటు. నేను రెండో అంతస్తు, ఆమె మూడో అంతస్తు. ఆమె ఇంటి మీద డాబా, డాబా మీద ఒక రేకుల గది. పంటలకి పట్టే పురుగుల్ని పురుగులతోనే చంపించే పని నేర్పే ఒక ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరైంది. మనిషి రిటైరైంది కానీ పని కాలేదు. అది డాబా ఎక్కింది.

నేను ఆమెని అక్కా అనేదాన్ని. ఆమె నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "వకీలమ్మా" అనేది. నేను వకీలుని కాను. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూస్తాను. ఎదుటివాళ్ళు చెప్పినదానిలో పగులెక్కడుందో వెతకడం నా ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ దృష్టిలో నా జబ్బు.

పొట్టి మనిషి. ముతక నూలు చీర, దాని మీద మగవాళ్ళ చొక్కా. కనుబొమ్మల మీద, చెవుల అంచుల మీద, భుజాల మీద ఎప్పుడూ సన్నటి బూడిద రంగు పొడి. విభూతి అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. పక్కన నిల్చుంటే చాలాకాలం మూసి ఉంచిన జొన్నపిండి డబ్బా తెరిచినట్టు వాసన. ఆ పొడీ ఆ వాసనా ఆమె పెంచే పురుగువి.

ఆ పురుగు మీ ఇంట్లోనూ ఉంటుంది. బియ్యం డబ్బా మూత తియ్యగానే లేచి, తాగినవాడిలా వంకరగా ఎగిరి, ట్యూబులైటు పక్కన గోడకి వాలుతుందే, ఆ రెక్కల పురుగే. చిటికెన వేలి గోరంత ఉంటుంది. వాలినప్పుడు రెక్కల్ని పెంకుటింటి కప్పులా రెండు పక్కలకీ వాల్చుకుంటుంది. మనం దాన్ని చీపురుతో కొడతాం గానీ బియ్యం తినేది అది కాదు, దాని పిల్ల. పాలిపోయిన తెల్ల పురుగు. నోట్లోంచి దారం తీసి గింజని గింజకి కుట్టుకుంటూ పోతుంది. డబ్బాలో చెయ్యి పెడితే బియ్యం ఉండలుండలుగా వస్తాయి చూడండి, అది దాని ఇల్లు. తిన్నంత తిని, గట్టి తెల్ల గూడు కట్టుకుని, రెక్కలతో బయటికొస్తుంది. వచ్చాక ఇంకో వారం బతికితే ఎక్కువ. ఆ వారం ఏమీ తినకపోయినా దానికి గడిచిపోతుంది. జతకట్టడం, గుడ్లు పెట్టడం, పోవడం.

"గిసొంటి జిందగీ మనకు లేదాయె. వంట తక్లీఫ్ లేదు" అనేది అక్క.

ఒకసారి భూతద్దం నా చేతికిచ్చి ఆ పురుగు మొహం చూపించింది. మొహం ముందు చిన్న ముక్కులాంటిది. "ఆడదానికి పొడుగ్గ ముందుకొస్తది. మగదానికి పొట్టిగ, ఉన్నదా లేదా అన్నట్టుంటది. మూతి ముందుకు పెట్టి ఎవ్వరితోనో పంచాయితికి పోతున్నట్టుంది చూడు, అది ఆడది. అచ్చం నీ లెక్క."

"మరి మగది?"

"నోరు మూసుకోని రెక్కలాడిస్తది. అచ్చం మీ ఆయన లెక్క."

మా బిల్డింగులో ఎవరి వంటింట్లో ఏ పురుగు ఎగిరినా నేరం డాబా మీదికే పోయేది. మొదటి అంతస్తులో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన స్టీలు డబ్బా చంకన పెట్టుకుని, మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ వచ్చేవారు. "ఏమ్మా, మీ పిల్లలు మా ఇంట్ల దిగిండ్రు మళ్ళ!"

అక్క విసుక్కునేది కాదు. డబ్బాలోంచి ఒకదాన్ని సీసాలోకి తీసి, వెలుతురుకి పెట్టి చూసేది. "ఇది మాది గాదు సార్. రెక్క చివర సగం రాగి రంగుంది చూడుండ్రి. మావి ఒట్టి బూడిద రంగువి. ఇది కిస్‌మిస్‌లనో బాదంలనో వచ్చింటది. మోండా మార్కెట్ నుంచి దెచ్చిండ్రా?"

"మా ఇంటామె దెచ్చింది."

"అయితే పంచాయితి ఆమెతోని పెట్టుకోండ్రి."

కొన్నిసార్లు పురుగు నిజంగా డాబా నుంచి దిగిందే అయ్యేది. అప్పుడూ అంతే సూటిగా, "ఇది మాదే సార్. మాఫ్ చెయ్యిండ్రి" అనేది. ఆ డబ్బా తనే పైకి తీసుకెళ్ళి, బియ్యం జల్లించి, ఎండలో ఆరబోసి, సాయంత్రానికి తెచ్చి ఇచ్చేది. కాదని బుకాయిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ముసలాయన రెక్కల రంగులు పోల్చి చూస్తాడా? అయినా బుకాయించేది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆమె పురుగుల విషయంలో అబద్ధం ఆడటం నేను చూడలేదు.

ఇక మెత్తటి మనసు సంగతి. రేకుల గదిలో వరసగా ప్లాస్టిక్ బేసిన్లు. వాటి నిండా మరపట్టించిన జొన్న నూక, వేరుశనగ పొడి. మీద గుడ్డ కట్టి ఉంటుంది. పిల్లలు అందులో తిని పెరిగి, రెక్కలొచ్చి పైకొచ్చాక, పొద్దున్నే వాటిని పట్టి అడుగున జాలీ ఉన్న డబ్బాలో వేస్తుంది. అవి పెట్టిన గుడ్లు జాలీలోంచి కింది కాగితం మీద రాలతాయి, రెక్కల పొడితో సహా. ఆ కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని వేలితో మెల్లగా తడితే గుడ్లు దొర్లి కిందికొస్తాయి, పొడి కాగితానికే ఉండిపోతుంది. కొన్ని గుడ్లని మళ్ళీ బేసిన్లలో వేసి, మిగిలినవాటిని ఒక ఊదారంగు దీపం కింద పెట్టేది. అంతే, లోపల ఉన్న ప్రాణం ఆరిపోతుంది. గుడ్డు మాత్రం తాజాగా ఉంటుంది. వాటిని జిగురు పూసిన అట్ట మీద చల్లితే, కంటికి సరిగ్గా ఆనని కందిరీగ జాతి ఈగలొచ్చి వాటిలో తమ గుడ్లు పెట్టుకుంటాయి. బదనికలంటారు వాటిని. గుడ్లు నల్లబడ్డాక ఆ అట్టల్ని రైతులు ఆకుల కింద కడతారు. బదనికలు బయటికొచ్చి పంటని తొలిచే పురుగుల గుడ్లని వెతుక్కుని పోతాయి.

శామీర్‌పేట అవతల వంగతోట వేసే యాకూబ్ భాయ్ ఆ అట్టల కోసం వచ్చేవాడు. వంకాయ తొలిచే పురుగు కూడా ఈ మూతి పొడుగు పురుగుకి దూరపు చుట్టమేనట. "చుట్టాన్ని చుట్టంతోనే కొట్టిపిస్తున్న భాయ్" అనేది అక్క, ఉత్సాహంగా. ఆయన నవ్వి, సంచిలోంచి లేత వంకాయలు తీసి మెట్ల మీద పెట్టి పోయేవాడు. పుచ్చు లేని వంకాయలు.

కాబట్టి పురుగుకి హాని చెయ్యని మనిషని నా దగ్గర ఎవరూ అనకండి.

ఆ పురుగుల్ని పట్టే తీరు ఒకటుంది, ఇప్పుడు దాని గురించి చెప్పాలి. చిన్న గాజు సీసా, దాని బిరడాకి రెండు గొట్టాలు. ఒక గొట్టం కొస పురుగు దగ్గర పెట్టి, రెండో దాని రబ్బరు కొస నోట్లో పెట్టుకుని, ఒక్క గుక్క ఊపిరి లోపలికి లాగాలి. పురుగు టక్కున సీసాలో పడుతుంది. నోట్లోకి రాకుండా లోపల సన్నటి గుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ పురుగుని ఆపుతుంది. పొడిని ఆపదు. ఆమె ఉద్యోగంలో చేరిన కాలంలో అందరూ అలాగే పట్టేవారట. తర్వాత యంత్రాలొచ్చాయి, అందరూ మారారు. ఆమె మారలేదు.

ఆ గొట్టం ఆమెకి ఇంకో పనికీ వచ్చేది. నాతో వాదనలో జవాబు చెప్పడం ఇష్టం లేని చోటికి రాగానే, తాపీగా రబ్బరు కొస నోట్లో పెట్టుకునేది. ఒక లాగుడు, ఒక టక్కు. "పెళ్ళెందుకు చేసుకోలేదక్కా?" టక్కు. "తమ్ముడింటికి పోయి ఉండొచ్చు కదా, ఇక్కడ ఒక్కదానివే ఎందుకు?" టక్కు. నోట్లో గొట్టం ఉన్న మనిషిని ఏం అడుగుతాం? సీసాలో రెక్కలు కొట్టుకోవడం చూస్తూ నిలబడేదాన్ని. రబ్బరు మీద ఆమె పళ్ళ గాట్లు ఉండేవి.

పొద్దున నేను వంటింట్లో టీ పెట్టుకునే వేళకి, ఆ లాగుడు శబ్దం డాబా నీళ్ళు దిగే పైపులోంచి మా కిటికీకి వినిపించేది. సన్నగా, ఎవరో వేడి టీ చప్పరిస్తున్నట్టు. కాసేపాగి మళ్ళీ. నాకు అలవాటైపోయి, వినడం మానేశాను. లాగుడుకీ లాగుడుకీ మధ్య దగ్గు చేరినప్పుడు మళ్ళీ వినడం మొదలుపెట్టాను.

ఛాతీ డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. తమ్ముడు కూడా వచ్చాడు. డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి, "ఏం పని చేస్తరమ్మా? పావురాలు పెంచుతరా?" అన్నాడు.

"రెక్కల పురుగులు."

ఆయన కలం ఆపాడు. ఆమే వివరించింది, పాఠం చెప్పినట్టు: రెక్కల మీది పొలుసులు ఎంత సన్నగా ఉంటాయో, ఊపిరితిత్తుల్లో ఎంత లోపలికి పోతాయో, తనతో పనిచేసినవాళ్ళలో ఎవరెవరికి ఇదే వచ్చిందో. ఆయనకి కొత్తగా చెప్పడానికి మిగిలింది ఒక్కటే. "బంద్ చెయ్యాలె. లేకుంటే కష్టం."

"పురుగులు బంద్ చేసుడు నా తోని గాదు."

"అయితే కనీసం ఆ నోటితోని గుంజుడు బంద్ చెయ్యండి."

ఆ వారమే తమ్ముడు యంత్రం కొనుక్కొచ్చాడు. చేతిలో పట్టే చిన్న వాక్యూం క్లీనరు లాంటిది, ముందు గొట్టం, వెనక జాలీ ఉన్న కప్పు. తిట్టుకుంటూనే తెచ్చాడు గానీ తెచ్చాడు, ఆ మంచి నేను కాదనను. నేను ఊరెళ్ళి, కొన్ని వారాలకి తిరిగొచ్చి డాబా మీదికి వెళ్తే ఆ యంత్రం పెట్టెలో ఉంది, పెట్టె అటక మీద ఉంది, ఆమె నోట్లో రబ్బరు గొట్టం ఉంది.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"మెషిన్‌తోని రెక్కలు ఇరుగుతున్నయ్."

"విరిగితే విరగనీ. వారంలో చచ్చేదానికి రెక్కెందుకు?"

"వకీలమ్మా, జెర బుర్ర పెట్టు. మగది రెక్కలాడిస్తనే ఆడది దగ్గరికొస్తది. రెక్క ఇరిగిందాన్ని ఏం జేస్కుంటది? జత కట్టకుంటే గుడ్లు పనికి రావు. గుడ్లు పనికి రాకుంటే బదనికలు లెవ్వు. బదనికలు లేకుంటే యాకూబ్ భాయ్ మళ్ళ మందు కొట్టుడు షురూ చేస్తడు. గా వంకాయ నువ్వే తింటవు."

పగులు దొరకలేదు నాకు. అంత గట్టిగా కుట్టింది వాదనని. అందుకే ఒప్పుకున్నాను. సైనిక్‌పురిలో తమ్ముడు చెప్పిన కథకి పుట్టుక ఇక్కడే. ఆయనకీ ఇదే చెప్పింది. ఆయన దానికి దయ అని పేరు పెట్టుకున్నాడు, నేను పని అని పెట్టుకున్నాను.

"అయితే గొట్టం నాకియ్యి. నేను పడతా" అన్నాను.

ఆమె ముఖం మారింది. గొట్టాన్ని చొక్కా జేబులోకి తోసేసింది. "నీ ఊపిరి నీ మాటలకే సాలదు" అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు నుంచి నేను వెళ్తే ముందు నాకు మాస్కు ఇచ్చేది, అది సరిగ్గా పెట్టుకున్నానో లేదో ముక్కు దగ్గర నొక్కి చూసేది, పురుగులు పట్టేటప్పుడు నన్ను గడప లోపలికి రానిచ్చేది కాదు. గుడ్లు జల్లెడ పట్టడం, జిగురు పూసి అట్టల మీద చల్లడం మాత్రం నాకు నేర్పింది, అదీ బయట, డాబా గాలిలో.

చివరి నెలల్లో ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ పెట్టారు. పగలంతా దాని గొట్టం ముక్కుకి. పొద్దున మాత్రం దాన్ని తీసి మంచం కోడుకి చుట్టి, రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ డాబా ఎక్కేది. పైపులోంచి శబ్దం వచ్చేది. లాగుడు. దగ్గు. దగ్గు. చాలాసేపు ఏమీ ఉండేది కాదు. నేను స్టవ్ కట్టేసి నిలబడేదాన్ని. మళ్ళీ లాగుడు. పాలు పొంగినా నేను కదిలేదాన్ని కాదు, ఆ రెండో లాగుడు వినిపించేదాకా.

ఎండలు ముదరకముందే పోయింది, ఆసుపత్రిలో. నోట్లో వాళ్ళ గొట్టం ఉంది. అడగడానికి ఏమీ లేకపోయింది.

దినాలు అవుతున్న రోజుల్లోనే ఒక పొద్దున తాళం తీసి రేకుల గదిలోకి వెళ్ళాను. పిల్లలుగా ఉన్నప్పుడు గుడ్డలకి కొరికిన కన్నాల్లోంచి, రెక్కలొచ్చి బయటికొచ్చేశాయి అన్నీ. గోడల మీద, రేకుల మీద, ఆమె స్టూలు మీద, మేకుకి వేలాడుతున్న ఆమె చొక్కా మీద, సందు లేకుండా. పగటి పూట కదలవు అవి. అన్నీ రెక్కలు వాల్చుకుని, మూతులు ముందుకు పెట్టుకుని, నిశ్శబ్దంగా ఉన్నాయి. చొక్కా చేతుల మీద ఎంత ఒత్తుగా వాలాయంటే, చెయ్యి లోపలుందేమో అనిపించింది. నేను మామూలుగా భయపడే మనిషిని కాను. గడప బయటే ఆగిపోయాను, ఆమె ఉన్నప్పుడు ఆగినట్టే.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "మందు కొట్టేటోళ్ళని పంపిస్త, ఒక్క పూటల సాఫ్ అయితది" అన్నాడు.

"ఇవి ఆమె తన చేత్తో బేసిన్లలో వేసిన గుడ్ల నుంచి వచ్చిన ఆఖరివి. యాకూబ్ భాయ్‌కి అట్టలు ఇస్తానని ఒప్పుకుంది. అవయ్యేదాకా ఎవరూ మందు తేకూడదు."

"ఎవరు పడ్తరు మరి వాటిని?"

"నేను పడతాను."

రబ్బరు గొట్టం స్టూలు పక్కనే ఉంది. దాన్ని నేను నోట్లో పెట్టుకోలేదు. ఆమె పళ్ళ గాట్ల మీద నా పళ్ళు పెట్టడం నా వల్ల కాలేదు. అటక మీది పెట్టె దించాను. నాలుగు రెక్కలు విరిగినా సరే, మిగిలినవి చాలులే అనుకున్నాను. మాస్కు పెట్టుకుని, స్విచ్చి వేసి, గోడ మీద ఒకదాని దగ్గర గొట్టం పెట్టాను. అది జారి కప్పులో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. కప్పు నిండాక కిటికీ దగ్గరికి తెచ్చి, ఆమె భూతద్దం పెట్టి, నా ఆఫీసులో కాగితం చూసినట్టు ఒక్కొక్కదాన్నీ చూశాను.

ఒక్క రెక్క కూడా విరగలేదు.

నా చేతిలో ఏదో తప్పుందేమోనని మళ్ళీ పట్టాను. మళ్ళీ విరగలేదు. డబ్బాలో వేశాక జతలు కట్టాయి, గుడ్లు పెట్టాయి, గుడ్లు కాగితం మీద చక్కగా దొర్లాయి. అట్టలు నల్లబడ్డాయి. యాకూబ్ భాయ్ వచ్చి తీసుకున్నాడు, మెట్ల మీద వంకాయలు పెట్టబోయి, ఎవరికని తోచక, చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పటికి ఆమె పొరపాటు పడిందనే అనుకున్నాను. వాడి చూడకుండానే ఒక మాట అనేసింది, మొండిమనిషి కదా అనుకున్నాను. పని అయ్యాక యంత్రం కడగడానికి విప్పాను. కప్పు వెనక, నా చెయ్యి చేరని చోట, జాలీకి లోపలి వైపు, పాత పొడి. ఈ వారంది కాదు. అట్టలా గట్టిపడి, పొర మీద పొరగా పేరుకున్నది. ఒక్కసారి వాడితే పేరుకునేది కాదు. ఆ యంత్రంతో చాలా పొద్దుల పాటు పురుగులు పట్టింది. బాగానే పట్టింది. రెక్కలు విరగవని నాకంటే బాగా తెలుసుకుంది. తెలుసుకుని, చెయ్యి అందినంత మేర కడిగి, పెట్టెలో పెట్టి, టేపు అంటించి, అటక ఎక్కించింది. ఆ తర్వాత నాతో ఆ మాట చెప్పింది. బియ్యం డబ్బాలో పురుగు తనదైతే తనదేనని ఒప్పుకున్న మనిషి, పురుగు రెక్క మీద అబద్ధం ఆడింది.

ఈ సంగతి సైనిక్‌పురిలో చెప్పలేదు. ఫోటో కింద తింటున్నవాళ్ళకి చెప్పి ఏం లాభం? ఇక్కడ రాస్తున్నాను. పొద్దున స్టవ్ వెలిగించాక నేను ఇప్పటికీ ఆగుతాను. పైపులోంచి ఏమీ రాదు. ఆ ఏమీ రాకపోవడంలోకే అడుగుతున్నాను. యంత్రం పని చేస్తుందని, దానితో తన ఊపిరి నిలుస్తుందని తెలిసీ దాన్ని పెట్టెలో పెట్టి, ఆ గొట్టాన్ని మళ్ళీ నోటికి అందుకున్న పొద్దున, ఆమెకి ఆ గదిలో ఏం తక్కువైంది?